ఈఎన్‌సీ28జే60 కొనాలా, డబ్ల్యూ5500 కొనాలా?

ఆర్డునో మైక్రోకంట్రోలర్ బోర్డును వైరుతో నెట్‌వర్క్‌కు తగిలించాలి, ఈ రెండు ఈథర్నెట్ చిప్‌ల బోర్డుల్లో ఏది మేలు అని అడిగేవాళ్లు తగ్గడం లేదు. అడిగేవాళ్లంతా ధర, స్పీడు పోల్చుకునే వస్తారు. ఈఎన్‌సీ చవక, 10 ఎంబీపీఎస్. డబ్ల్యూ5500 కాస్త ఖరీదు, 100 ఎంబీపీఎస్. నిమిషానికో సెన్సర్ రీడింగ్ పంపేవాళ్లకు ఆ స్పీడుతో పనేముంది? నేను చూసేది వేరే. అక్కర్లేని ఫ్రేమును, అంటే వైరు మీద వచ్చే డేటా కట్టను, గుమ్మంలోనే ఆపేదెవరు? మన కోడ్ ఇంకో పనిలో ఉన్నప్పుడు వచ్చిపడేవాటి సంగతి చూసేదెవరు?

ఫిల్టర్ వరకూ అయితే మైక్రోచిప్ వాళ్ల ఈఎన్‌సీని మెచ్చుకోవాల్సిందే. ఈఆర్‌ఎక్స్‌ఎఫ్‌కాన్ అనే ఒక్క రిజిస్టర్‌లో (చిప్‌లో సెట్టింగులు రాసే గడి) యూనికాస్ట్ (ఒక్కరికే), బ్రాడ్‌కాస్ట్ (అందరికీ), మల్టీకాస్ట్ (ఒక గుంపుకు), హాష్ టేబుల్, మ్యాజిక్ ప్యాకెట్ (నిద్రలో ఉన్న యంత్రాన్ని లేపేది), ప్యాటర్న్ మ్యాచ్, సీఆర్‌సీ (ఫ్రేము దారిలో చెడిందా అని చూసే లెక్క), దేని బిట్ దానికుంది. ఏ ఒక్క ఫిల్టర్ ఒప్పుకున్నా చాలా, పెట్టినవన్నీ ఒప్పుకోవాలా అన్నది మిగిలిన బిట్ తేలుస్తుంది. రీసెట్ కాగానే అందులో ఉండే విలువ హెక్స్‌లో ఏ1. అంటే మన మ్యాక్ అడ్రస్‌కు (బోర్డు హార్డ్‌వేర్ చిరునామా) వచ్చినవి, బ్రాడ్‌కాస్ట్‌లు, అవీ సీఆర్‌సీ సరిగ్గా ఉంటేనే లోపలికి వస్తాయి. సున్నా రాస్తే వైరు మీద కనబడిందల్లా వచ్చేస్తుంది.

నాకు బాగా నచ్చేది ప్యాటర్న్ మ్యాచ్. ఫ్రేములో 64 బైట్ల ముక్క తీసుకుని, అందులో ఏయే బైట్లు చూడాలో మాస్క్‌లో చెబుతాం. వాటి చెక్‌సమ్ (ఆ బైట్లను కూడి తేల్చే అంకె) మనం ఇచ్చినదానితో సరిపోతే ఫ్రేము పాస్. మాస్క్ 303ఎఫ్, చెక్‌సమ్ ఎఫ్7ఎఫ్9 పెట్టి చూడండి. మాస్క్ ప్రకారం 0 నుంచి 5 వరకు ఉన్న బైట్లు, అంటే గమ్యం అడ్రస్, ఆపైన 12, 13 బైట్లు, అంటే లోపల ఏ రకం డేటా ఉందో చెప్పే ఈథర్‌టైప్. ఆరు ఎఫ్‌ఎఫ్‌లు, వెనక 0806 ఉంటే ఆ చెక్‌సమ్ వస్తుంది. అది ఏఆర్‌పీ బ్రాడ్‌కాస్ట్, అంటే ఈ ఐపీ అడ్రస్ ఎవరిది అని అందరినీ అడిగే ప్రశ్న. బ్రాడ్‌కాస్ట్ బిట్ తీసేసి ఇది పెడితే ఏఆర్‌పీ ప్రశ్నలు తప్ప మిగతా బ్రాడ్‌కాస్ట్ గోలంతా చిప్ దగ్గరే ఆగిపోతుంది. కాకపోతే ఐపీ అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ సర్వర్ జవాబును బ్రాడ్‌కాస్ట్‌గా పంపితే అదీ ఆగుతుంది. ఐపీ అడ్రస్ చేతికొచ్చేదాకా ఆ బిట్ తెరిచి ఉంచాలి. ఇక హాష్ టేబుల్ అంటే అడ్రస్ నుంచి లెక్కగట్టిన గడిని బట్టి ఫ్రేమును రానిచ్చే ఫిల్టర్, అందులో ఉన్నవి 64 గళ్లే. మనం అడిగిన మల్టీకాస్ట్ అడ్రస్ పడే గడిలోనే పరాయివీ పడొచ్చు, కోడ్‌లో మళ్లీ చూసుకోక తప్పదు.

డబ్ల్యూ5500లో ఇన్ని హంగులు లేవు. ఫ్రేములను ఉన్నవున్నట్టు మన కోడ్‌కు ఇచ్చే మ్యాక్‌రా మోడ్ సున్నా నంబర్ సాకెట్‌కే (సాకెట్ అంటే చిప్‌లో ఒక కనెక్షన్‌కు ఇచ్చే చోటు) ఉంటుంది. అందులో మన అడ్రస్ ఫిల్టర్, బ్రాడ్‌కాస్ట్, మల్టీకాస్ట్, ఐపీవీ6 బ్లాకింగ్, అంతే. కానీ మనలో ఆ మోడ్ వాడేదెందరు? నెట్‌వర్క్ సంభాషణ నడిపే టీసీపీ/ఐపీ మొత్తం చిప్‌లోనే ఉంది. ఏఆర్‌పీకి, పింగ్‌కి అదే జవాబిస్తుంది. మనం తెరవని పోర్టుకు యూడీపీ (అందిందో లేదో చూడకుండా పంపే పద్ధతి) బ్రాడ్‌కాస్ట్‌లు ఎన్నొచ్చినా మైక్రోకంట్రోలర్‌కు వాటి ఊసే తెలియదు.

అసలు తేడా ఫ్లో కంట్రోల్ దగ్గర, అంటే అందుకోలేనప్పుడు అవతలివాణ్ని ఆపడం దగ్గర. ఈఎన్‌సీలో పంపడానికి, అందుకోవడానికి కలిపి ఉన్న బఫర్ (డేటాను కాసేపు దాచే మెమరీ) 8 కేబీ. అందుకోవడానికి 6 కేబీ ఇచ్చామనుకోండి, 10 ఎంబీపీఎస్‌లో అది నిండటానికి 5 మిల్లీసెకన్లు చాలు. ఉష్ణోగ్రత కొలిచే డీఎస్18బీ20 సెన్సర్ 12 బిట్ల రీడింగ్‌కు 750 మిల్లీసెకన్ల దాకా తీసుకుంటుంది. ఆ లెక్క చూస్తేనే టెన్షన్.

దీనికి మందుగా, కాసేపు ఆగమని అవతలివాడికి చెప్పే పాజ్ ఫ్రేములున్నాయి కదా అంటారు. ఉన్నాయి. 01-80-సీ2-00-00-01 అడ్రస్‌కు, 8808 ఈథర్‌టైప్‌తో, ఎంతసేపు ఆగాలో 512 బిట్ల కాలం లెక్కన చెబుతూ వెళ్తాయి. ఈఎన్‌సీలో రీసెట్ విలువ హెక్స్ 1000, అంటే 10 ఎంబీపీఎస్ మీద సుమారు 0.21 సెకను. కానీ చిప్ తనంతట తాను వీటిని పంపదు, ఈఫ్లోకాన్ రిజిస్టర్‌లో మన కోడ్ రాయాలి. తీరిక లేని కోడే తనకు తీరిక లేదని చెప్పాలన్నమాట! పైగా పాజ్ పనిచేసేది ఫుల్ డ్యూప్లెక్స్‌లోనే (ఒకేసారి పంపడం, అందుకోవడం). ఈ చిప్‌కు ఆటో నెగోషియేషన్ (స్పీడు, డ్యూప్లెక్స్ అవతలివాడితో తేల్చుకోవడం) రాదు కాబట్టి స్విచ్ దాన్ని హాఫ్ డ్యూప్లెక్స్‌గా (ఒకసారికి ఒకవైపే) లెక్కేస్తుంది. మనం బలవంతంగా ఫుల్ పెడితే స్విచ్‌లోనూ చేత్తో పెట్టాలి, లేదంటే లేట్ కొలిజన్లు, అంటే పంపడం మధ్యలో ఫ్రేములు గుద్దుకోవడాలు, మొదలవుతాయి. ఇంట్లో వాడే మామూలు స్విచ్‌లో ఆ సెట్టింగే ఉండదు. చివరికి మిగిలేది హాఫ్ డ్యూప్లెక్స్ బ్యాక్‌ప్రెషర్. 55 ప్యాటర్న్ పంపుతూ వైరును ఖాళీ లేకుండా పట్టుకోవడం. మొరటు పద్ధతి.

డబ్ల్యూ5500లో టీసీపీ విండోను, అంటే ఇంకా ఎంత డేటా అందుకోగలమో అవతలివాడికి చెప్పే అంకెను, చిప్పే నడుపుతుంది. సాకెట్‌కు మామూలుగా 2 కేబీ రిసీవ్ బఫర్. అది నిండేకొద్దీ విండో తగ్గుతుంది, అవతలివాడు ఆగుతాడు. మన కోడ్ 750 మిల్లీసెకన్లు కూర్చున్నా డేటా ఎక్కడికీ పోదు. ఆగేది కూడా ఆ ఒక్క కనెక్షనే. పాజ్ అయితే స్విచ్‌లోని ఆ పోర్టు నుంచి మనకు వచ్చే ట్రాఫిక్ మొత్తం ఆగుతుంది. యూడీపీకి మాత్రం ఈ సుఖం లేదు, నిండాక వచ్చింది పోయినట్టే. రిసీవ్ బఫర్ మొత్తం 16 కేబీలో ఆ సాకెట్‌కు ఎక్కువ వాటా ఇవ్వండి. ఇంకోమాట, లినక్స్ డ్రైవర్‌తోనో ఈఎస్‌పీ చిప్‌ల సాఫ్ట్‌వేర్ కిట్ ఈఎస్‌పీ-ఐడీఎఫ్‌తోనో వాడితే చిప్ మ్యాక్‌రా మోడ్‌లోకి వెళ్తుంది. అప్పుడు ఈ లాభాలేవీ ఉండవు.

ఈఎస్‌పీ32 మైక్రోకంట్రోలర్, ల్యాన్8720 చిప్ జత గురించీ అడుగుతారు. అందులో ల్యాన్8720 ఉత్త ఫై (వైరు మీద సిగ్నళ్లు నడిపే భాగం) మాత్రమే, ఫిల్టర్లన్నీ ఈఎస్‌పీ32 లోపల ఫ్రేములు చూసుకునే మ్యాక్ భాగానివి. ఆ బోర్డు ముందే మీ దగ్గరుంటే వాడుకోండి. మైక్రోచిప్ వాళ్లదే మరో చిప్ ఈఎన్‌సీ424జే600లో 24 కేబీ బఫర్, ఇంత నిండితే పాజ్ అని తనే చూసుకునే ఏర్పాటు ఉన్నాయి.

ప్రాజెక్టు నడవాలి అనుకుంటే డబ్ల్యూ5500 తీసుకోండి. ఫ్రేము లోపల ఏముందో చేత్తో తడిమి నేర్చుకోవాలంటే ఈఎన్‌సీ. అదే కొంటే దాని ఎర్రాటా (చిప్‌లోని లోపాల జాబితా) ముందు చదవండి. రిసీవ్ బఫర్‌ను 0000 నుంచే మొదలుపెట్టాలి, ఎక్కడిదాకా చదివామో చెప్పే ఈఆర్‌ఎక్స్‌ఆర్‌డీపీటీ రిజిస్టర్‌లో ఎప్పుడూ బేసి విలువే రాయాలి, ప్యాకెట్ వచ్చిందా లేదా అన్నది పీకేటీఐఎఫ్ బిట్‌ను నమ్మకుండా ప్యాకెట్ల లెక్క ఉండే ఈపీకేటీసీఎన్‌టీ చదివి తెలుసుకోవాలి.