పెన్‌డ్రైవ్‌లో కొట్టు పద్దులు: చిన్న ల్యాప్‌టాప్ మీద లైవ్ లినక్స్‌తో రెండేళ్లు

అంబాజీపేట దగ్గర ఒక కొబ్బరి కమీషన్ కొట్టులో నేను పద్దులు రాస్తాను. 2023 సెప్టెంబరు నుంచి ఆ పద్దులన్నీ పెన్‌డ్రైవ్‌లో ఉన్న లినక్స్ (విండోస్ లాంటి మరో ఆపరేటింగ్ వ్యవస్థ) మీదనే నడుస్తున్నాయి. ల్యాప్‌టాప్ నాది కాదు, మా అన్నయ్య కూతురు చదువు కోసం కొన్నది. 11.6 అంగుళాల తెర, 4 జీబీ ర్యామ్, సెలెరాన్ ప్రాసెసర్, బోర్డుకే అతికి ఉండే 32 జీబీ నిల్వ. విండోస్ నవీకరణలకే ఆ నిల్వ చాలదు కాబట్టి అందులో నా ఫైళ్లకు చోటు లేదు. ఆ అమ్మాయి కాలేజీకి వెళ్లిన పగటి వేళల్లోనూ, లారీ ఎగుమతి ఉన్న సాయంత్రాల్లోనూ వాడుకోమని ఇచ్చింది కానీ, "బాబాయ్, నా ఫైళ్లు ఒక్కటి కూడా కదలకూడదు" అని షరతు పెట్టింది. ఆ షరతు వల్లనే నేను లైవ్ పద్ధతికి, అంటే ల్యాప్‌టాప్‌లో ఏమీ స్థాపించకుండా వ్యవస్థను నేరుగా పెన్‌డ్రైవ్ నుంచే నడిపే పద్ధతికి వచ్చాను. రుచి చూసి వదిలేసే పద్ధతిగా చాలామంది చెప్పుకొనే దీనిని రోజువారీ పనికి పెడితే ఎక్కడ నిలుస్తుంది, ఎక్కడ జారుతుంది అన్నది నాకు తెలిసినంత వరకు ఇక్కడ రాస్తున్నాను.

లైవ్ వ్యవస్థ ఎలా పనిచేస్తుందో కొంచెం తెలిసి ఉంటే మిగిలిన విషయమంతా తేలికగా అర్థమవుతుంది. పెన్‌డ్రైవ్‌లో వ్యవస్థ మొత్తం స్క్వాష్‌ఎఫ్‌ఎస్ అనే పద్ధతిలో కుదించిన ఒకే పెద్ద ఫైలుగా ఉంటుంది. దానిని చదవవచ్చు, మార్చడానికి వీలుండదు. మనం చేసే మార్పులు దాని మీద మరో పొరగా పడతాయి. అచ్చయిన ఊరి పటం మీద పారదర్శకమైన కాగితం పరిచి, గీతలు ఆ కాగితం మీద గీసినట్లే. మామూలుగా ఆ పై పొర ర్యామ్‌లో ఉంటుంది కాబట్టి యంత్రం ఆపగానే పోతుంది. దానిని పెన్‌డ్రైవ్‌లో నిలిపి ఉంచే ఏర్పాటునే పర్సిస్టెన్స్ అంటారు. ల్యాప్‌టాప్ లోపలి డిస్కును మనం కావాలని తెరిస్తే తప్ప ఈ వ్యవహారంలో దాని పాత్ర ఏమీ లేదు.

మొదటి నెల లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే లినక్స్ రకాన్ని పర్సిస్టెన్స్ లేకుండా వాడి చూశాను. తెర, శబ్దం, వైఫై, టచ్‌ప్యాడ్ పనిచేస్తాయో లేదో తెలుసుకోవడానికి అది సరిపోయింది. తరువాత కొన్ని వారాలు పప్పీ లినక్స్ వాడాను. 2003లో ఆస్ట్రేలియాకు చెందిన బ్యారీ కౌలర్ మొదలుపెట్టిన ఈ వ్యవస్థ కొన్ని వందల ఎంబీలే కాబట్టి మొత్తం ర్యామ్‌లోకి ఎక్కి, ఇంత చిన్న యంత్రం మీద కూడా చకచకా నడుస్తుంది. కానీ నాకు లిబ్రేఆఫీసు (పత్రాలు, లెక్కల పట్టికలు రాసుకొనే ఉచిత సాఫ్ట్‌వేర్), తెలుగు టైపింగు, ప్రింటరు కావాలి. అవన్నీ చేర్చేసరికి దాని తేలికదనంలో నాకు మిగిలిన లాభం తక్కువ. చివరికి డెబియన్ 12 అనే మరో లినక్స్ ఆధారంగా 2023 జూలై చివర విడుదలైన ఎంఎక్స్ లినక్స్ 23 దగ్గర స్థిరపడ్డాను. లైవ్ యూఎస్‌బీని శాశ్వతంగా వాడుకొనేవారి కోసం ఇంత శ్రద్ధతో చేసిన పనిముట్లు నేను చూసిన మిగతా రెండింటిలో లేవు.

దానిని నడపడానికి బయోస్‌లో (యంత్రం తెరవగానే మొదట నడిచే సెట్టింగుల చోటు) సెక్యూర్ బూట్ అనే, గుర్తింపు లేని వ్యవస్థలను మొదలు కానివ్వని రక్షణను ఆపవలసి వచ్చింది. ఇక్కడ ఒక హెచ్చరిక. విండోస్ డిస్కు బిట్‌లాకర్‌తో గుప్తీకరించి ఉంటే, సెక్యూర్ బూట్ ఆపిన తరువాత అది 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. నేను ముందే ఆ అమ్మాయి ఖాతాలోంచి ఆ కీని తీయించి నోటు పుస్తకంలో రాయించాను. ఎరువు తెచ్చుకున్న ల్యాప్‌టాప్ మీద ప్రయత్నించే ఎవరైనా ఈ పని చేయకుండా బయోస్‌లో చేయి పెట్టకూడదని గట్టిగా చెబుతాను.

ఇక పెన్‌డ్రైవ్ సంగతి. ఈ రెండేళ్లలో నాకు అన్నిటికన్నా స్పష్టంగా తెలిసింది ఇదే: లైవ్ లినక్స్ వేగాన్ని నిర్ణయించేది ల్యాప్‌టాప్ కాదు, పెన్‌డ్రైవ్. మొదట ఇంట్లో పడి ఉన్న యూఎస్‌బీ 2.0 పెన్‌డ్రైవ్‌తో మొదలుపెట్టాను. బూట్ కావడానికి, అంటే వ్యవస్థ మొదలవడానికి, దాదాపు 3 నిమిషాలు పట్టేది. అయినా చదవడంలోని ఆలస్యాన్ని ఓర్చుకోవచ్చు, రాయడంలోని ఆలస్యాన్ని ఓర్చుకోలేము. చౌక పెన్‌డ్రైవ్‌లు ఒక పెద్ద సినిమాను వరుసగా రాసుకోవడానికి పనికివస్తాయి కానీ, బ్రౌజరు చేసే వేలాది చిన్న చిన్న రాతల దగ్గర ఊపిరి ఆడక ఆగిపోతాయి. మౌసు కదులుతూనే ఉంటుంది, ఏ కిటికీ కూడా స్పందించదు. తెలియనివారు లినక్స్ మొరాయించిందనుకుంటారు, నేనూ కొంతకాలం అలాగే అనుకున్నాను. 2024 జనవరిలో 64 జీబీ యూఎస్‌బీ 3.0 పెన్‌డ్రైవ్ కొని, ఉన్నదున్నట్లు అందులోకి మార్చాను. అదే ల్యాప్‌టాప్, అదే వ్యవస్థ. బూట్ సమయం నిమిషానికి కొంచెం ఎక్కువకు దిగింది, ఆ బిగుసుకుపోవడం చాలా వరకు పోయింది. ల్యాప్‌టాప్‌కు ఉన్న రెండు పోర్టుల్లో ఒకటే 3.0 కాబట్టి ఏ పోర్టులో పెడుతున్నామో కూడా చూసుకోవాలి. పొడవాటి పెన్‌డ్రైవ్ బల్ల మీద కాయల సంచి తగిలితే ఊడి వస్తుంది, నడుస్తున్న వ్యవస్థ కింద నేల తీసేసినట్లవుతుంది. అందుకే పొట్టిది కొన్నాను. అది కాస్త వేడెక్కుతుంది గానీ ఇప్పటివరకు చెడలేదు.

పర్సిస్టెన్స్ విషయంలో ఎంఎక్స్ రెండు దారులు ఇస్తుంది, వాటి తేడా తెలియక నేను ఒక రోజు పని పోగొట్టుకున్నాను. మొదటి దారిలో ప్రతి మార్పూ అప్పటికప్పుడు పెన్‌డ్రైవ్‌లోకి పోతుంది. రెండో దారిలో మార్పులన్నీ ర్యామ్‌లో పోగుపడి, ఆపేటప్పుడు లేదా మనం అడిగినప్పుడు ఒక్కసారిగా భద్రమవుతాయి. రెండోది వేగంగా ఉంటుంది, పెన్‌డ్రైవ్ అరుగుదల తక్కువ. ఆ సుఖానికి అలవాటు పడి ఉండగా, 2024 వానాకాలంలో ఒక సాయంత్రం గాలివానకు కరెంటు పోయింది. ల్యాప్‌టాప్ బ్యాటరీ అప్పటికే 20 నిమిషాలకు మించి నిలవడం లేదు. నేను గోదాములో కాయల లెక్క చూసి వచ్చేసరికి అది ఆరిపోయి ఉంది. ఆ రోజు రాసిన దింపు కూలీల లెక్క, రెండు లోడ్ల పద్దు అన్నీ ర్యామ్‌తో పాటే పోయాయి. చీటీలు ఉన్నాయి కాబట్టి మళ్లీ రాసుకున్నాను, కానీ ఆ రాత్రి పదకొండు దాటింది.

దీనికి మందు అదే వ్యవస్థలో ఉంది. హోమ్ ఫోల్డరులో లైవ్-యూఎస్‌బీ-స్టోరేజ్ అనే ఒక ఫోల్డరు కనబడుతుంది. అది పై పొరలో భాగం కాదు, నేరుగా పెన్‌డ్రైవ్ మీదనే ఉంటుంది. అందులో దాచిన ఫైలు దాచిన క్షణంలోనే దాని చోటికి చేరుతుంది. అప్పటి నుంచి పద్దులన్నీ అక్కడే ఉంచుతున్నాను, లిబ్రేఆఫీసులో 5 నిమిషాలకొకసారి తానే భద్రపరిచే ఏర్పాటు పెట్టాను. సెట్టింగులు మాత్రం ర్యామ్ దారిలోనే నడుస్తున్నాయి. అయితే 4 జీబీ ర్యామ్ ఉన్న యంత్రంలో పెద్ద నవీకరణలు చేసే రోజున మొదటి దారిలో బూట్ చేయాలి. లేకపోతే దిగుమతి అయిన ప్యాకేజీలే ర్యామ్‌ను నింపేసి, పని మధ్యలో ఆగిపోతుంది. నాకు ఒకసారి అలా ఆగింది.

నన్ను ఎక్కువ రోజులు తికమక పెట్టినది గడియారం. విండోస్ ల్యాప్‌టాప్‌లోని గడియారంలో మన స్థానిక సమయాన్నే ఉంచుతుంది, లినక్స్ సాధారణంగా అందులో ఉన్నది ప్రపంచ ప్రామాణిక సమయం అనుకుంటుంది. నేను భారత సమయ మండలాన్ని ఎంచుకున్న రోజు నుంచి, ఇంటర్నెట్ లేనప్పుడు తెర మీది సమయం ఐదున్నర గంటలు ముందుకు పోయేది. గోదాము దగ్గర సిగ్నలు సరిగా ఉండదు కాబట్టి దానంతట అది సరిదిద్దుకొనే అవకాశం కూడా లేదు. గంటలు తప్పితే నాకు పెద్ద నష్టం లేదు, తేదీ తప్పితే ఉంది. సాయంత్రం 6.30 దాటితే కంప్యూటరుకు మరుసటి రోజు వచ్చేసేది. లోడ్లు బయలుదేరేది ఆ వేళకే. నేను పద్దులో తేదీని కంట్రోల్ మీటతో సెమీకోలన్ నొక్కి వేస్తాను కాబట్టి, సాయంత్రపు లారీలన్నీ మర్నాటి తేదీతో నమోదయ్యాయి. లారీ చీటీలతో సరిచూసినప్పుడు గానీ అది బయటపడలేదు. మరోవైపు, ఫోను ద్వారా ఇంటర్నెట్ తగిలిన రోజున లినక్స్ సమయాన్ని సరిచేసుకొని, ఆపేటప్పుడు గడియారంలో ప్రామాణిక సమయాన్ని రాసి పెట్టేది. మర్నాడు ఉదయం 9 గంటలకు ఆ అమ్మాయి విండోస్ తెరిస్తే 3.30 అని చూపింది. తేదీ-సమయం పనిముట్టులో హార్డ్‌వేర్ గడియారం స్థానిక సమయంలో ఉందని ఒక్కసారి చెప్పి, ఆ మార్పును పర్సిస్టెన్స్‌లో భద్రపరిస్తే సమస్య తీరిపోయింది. ఒకే యంత్రాన్ని రెండు వ్యవస్థలతో వాడేవారు మొదటి రోజే చేయవలసిన పని ఇది.

తెలుగు విషయంలో నాకు సంతోషమే మిగిలింది. భారతీయ భాషల్లో టైపు చేయడానికి పనికొచ్చే ఐబస్, ఎం17ఎన్ ప్యాకేజీలు చేర్చుకుంటే ఇన్‌స్క్రిప్ట్ మీటల అమరికతో పాటు ఆంగ్ల మీటలతో ఉచ్చారణను బట్టి రాసే ఆర్‌టీఎస్ పద్ధతి కూడా వస్తుంది. పోతన, లోహిత్, నోటో అక్షరాలు డెబియన్ భాండాగారంలోనే దొరుకుతాయి. లిబ్రేఆఫీసులో వత్తులు, గుణింతాలు చెదరకుండా నిలుస్తాయి, రైతుల పేర్లు తెలుగులో రాసి అకారాది క్రమంలో పేర్చుకోగలుగుతున్నాను. డీటీపీ కేంద్రాల నుంచి యూనికోడ్ కాని పాత ఫాంట్లలో వచ్చే ఫైళ్లు మాత్రం ఇక్కడ అర్థం లేని గుర్తులుగా కనబడతాయి. వాటిని పీడీఎఫ్‌గా చేసి ఇవ్వమని అడుగుతున్నాను.

వైఫై మొదటి రోజు నుంచీ పనిచేసింది. ప్రింటరుకు ఒక మధ్యాహ్నం పట్టింది, ఆ తరువాత ఇబ్బంది లేదు. మూత వేస్తే నిద్రపోయి తిరిగి లేస్తుంది, కానీ నిద్రలో ఉండగా పెన్‌డ్రైవ్ కదిలితే ఇక లేవదు. ఆడిటరు వాడే విండోస్ లెక్కల సాఫ్ట్‌వేర్ ఇందులో నడవదు కాబట్టి నెలకొకసారి ఎక్సెల్ ఫైలుగా మార్చి పంపుతాను.

భద్రత గురించి ఒక మాట చెప్పాలి. జేబులో పట్టే వస్తువులో కొట్టు లెక్కలు, రైతుల బ్యాంకు వివరాలు ఉన్నాయంటే, అది బస్సులో జారిపోతే పోయేది పెన్‌డ్రైవ్ ఒక్కటే కాదు. ఎంఎక్స్ లైవ్‌లో ముందుగా ఉండే డెమో వాడుకరి సంకేతపదం అందరికీ తెలిసినదే, దానిని వెంటనే మార్చాలి. పెన్‌డ్రైవ్ తయారు చేసేటప్పుడే గుప్తీకరణ ఎంచుకొనే వీలుంది. నేను మొదటిసారి దానిని వదిలేశాను, రెండో పెన్‌డ్రైవ్‌కు పెట్టాను. బూట్‌లో ఒక సంకేతపదం అదనంగా అడుగుతుంది, వేగంలో నాకు తేడా తెలియలేదు.

విండోస్ 10కు ఉచిత భద్రతా నవీకరణలు 2025 అక్టోబరు 14తో ముగిశాక, అమలాపురం నుంచి కూడా తెలిసినవారు పాత ల్యాప్‌టాప్‌లు పట్టుకొని నన్ను అడగడానికి వస్తున్నారు. డిస్కు తమ సొంతమైతే నేరుగా స్థాపించుకోమనే చెబుతున్నాను, ఎందుకంటే లోపలి నిల్వ ఎంత చిన్నదైనా సాధారణ పెన్‌డ్రైవ్ కన్నా నమ్మకమైనది. నాలాగా ఎరువు తెచ్చుకున్న యంత్రం మీద పనిచేసేవారికి, ఒక యంత్రం చెడితే మరో యంత్రంలో అదే పని కొనసాగించవలసిన వారికి లైవ్ పద్ధతిని నిస్సంకోచంగా సూచిస్తాను. ఆ అమ్మాయికి పరీక్షలు ఉన్న వారం రోజులు ఇదే పెన్‌డ్రైవ్‌ను కొట్టు యజమాని పాత ల్యాప్‌టాప్‌కు పెట్టి, ఏ మార్పూ లేకుండా నా పద్దులు నేను రాసుకున్నాను.

పై పొర పెరిగిపోయి బరువైనప్పుడు రీమాస్టర్ చేస్తే, అది అడుగున ఉన్న కుదింపు ఫైలులో కలిసిపోయి కొత్త పొర ఖాళీగా మొదలవుతుంది. పాత ఫైలు పక్కనే నిలిచి ఉంటుంది కాబట్టి తేడా వస్తే వెనక్కి పోవచ్చు. ఏడాదికి రెండుసార్లు, సంక్రాంతి తరువాత ఒకసారి, దసరా ముందు ఒకసారి ఈ పని చేస్తున్నాను. అదే రోజు మొత్తం పెన్‌డ్రైవ్‌ను మరొక పెన్‌డ్రైవ్‌లోకి నకలు తీసి, దానితో ఒకసారి బూట్ చేసి చూసి, తేదీ రాసిన కాగితంతో కలిపి ఇనప్పెట్టెలో పెడుతున్నాను.