మారియోకి ఒక్కసారి కట్టాలా, మాటిమాటికీ కట్టాలా?

"ఫ్రీ గేమే కదా మావయ్యా, ఎక్కించుకోనా?" అని భీమవరం మేనల్లుడు అడిగితే నా జవాబు ఒకటే: డబ్బు పెట్టి కొనేది ఏదన్నా ఉందేమో ముందు చూడరా. పిసినారి మావయ్య ఇలా అనడమేంటని వాడికి అనుమానం.

కారణం వీడియోగేముల కంపెనీ నింటెండో కథలోనే ఉంది. ఏళ్ల తరబడి తన ఆటల్ని తన మెషీన్లలోనే ఉంచుకున్న ఈ జపాన్ కంపెనీ, 2015 మార్చిలో డీఎన్ఏ అనే మొబైల్ కంపెనీతో చేతులు కలిపింది. 2016 డిసెంబరులో తన మారియో ఆటని 'సూపర్ మారియో రన్' పేరుతో ఐఫోన్‌లోకి తెచ్చింది. మొదటి కొన్ని లెవెల్స్ ఉచితం, మిగతాది కావాలంటే 9.99 డాలర్లు, అదీ ఒక్కసారే. రెండు నెలలు తిరక్కుండా అదే కంపెనీ 'ఫైర్ ఎంబ్లమ్ హీరోస్' తెచ్చింది. ఇది ఎక్కించుకోడానికి పైసా అక్కర్లేదు. కానీ మంచి వీరుడు కావాలంటే లాటరీ తీయాలి. దాన్నే గాచా అంటారు.

సంక్రాంతి బరుల పక్కన గుండాట చూసినవాళ్లకి గాచా గురించి వేరే చెప్పక్కర్లేదు. ఒక్క తేడా: గుండాటలో గెలిస్తే డబ్బొస్తుంది, ఇక్కడ గెలిచినా బొమ్మే. 2019 ఆగస్టులో బెల్జియంలో ఈ హీరోస్‌నీ, తన మరో ఫోన్ ఆట 'యానిమల్ క్రాసింగ్ పాకెట్ క్యాంప్'నీ నింటెండోయే ఆపేసుకుంది. ఆటల్లో ఇలాంటి లాటరీల మీద అక్కడి చట్టం అంత గట్టిది. 2022లో నింటెండోదే అయిన 'మారియో కార్ట్ టూర్' నుంచి గాచా తీసేశారు.

మరి ఒక్కసారి కట్టించుకునే పద్ధతే అందరూ ఎందుకు పట్టుకోలేదంటే, జనం కొనలేదు. 2017 అక్టోబరు నాటికి మారియో రన్ డౌన్‌లోడ్లు 20 కోట్లు దాటినా, లాభం అనుకున్నంత రాలేదని కంపెనీయే చెప్పింది. ఉచితంగా వచ్చిన లెవెల్స్ ఆడేసి ఊరుకునేవాళ్లే ఎక్కువ. మనమూ ఆ బాపతే, దాచుకోవడం ఎందుకు!

మారియో రన్‌కీ ఒక లోపం ఉంది. డబ్బు కట్టినా సరే, ఆడాలంటే నెట్ ఉండాలి. సఖినేటిపల్లి నుంచి నరసాపురం పంటు మీద వెళ్తూ నడిగోదారిలో సిగ్నల్ పోయిందంటే ఆట కూడా ఆగుతుంది. 2022లో కోనసీమలో రోజుల తరబడి నెట్ ఆపేసినప్పటి సంగతి అమలాపురం వాళ్లకి గుర్తుండే ఉంటుంది. అందుకే కొనేముందు ధర కన్నా ముందు చూడాల్సింది, నెట్ లేకుండా నడుస్తుందా లేదా అని. ఆట ఎక్కడో సర్వర్లో నడుస్తూ బొమ్మ మాత్రం ఫోన్‌కి వచ్చే మైక్రోసాఫ్ట్ క్లౌడ్ గేమింగ్‌ని లంక ఊళ్లకి నేనైతే చెప్పను.

ఇక కన్సోల్ (టీవీకి తగిలించి ఆడుకునే మెషీన్) ఆటనే యథాతథంగా ఫోన్లో పెట్టడం. 2023లో 'రెసిడెంట్ ఈవిల్ విలేజ్' ఐఫోన్ 15 ప్రోలోకి అలాగే వచ్చింది. వినడానికి బాగుంది. కానీ మన దేశంలో ఆ ఫోన్ ధరే విడుదలప్పుడు 1,34,900 రూపాయల నుంచి మొదలు. 2021లో ఇక్కడికి వచ్చినప్పుడు సోనీ కన్సోల్ పీఎస్5 ధర 49,990. టీవీ ఎలాగూ ఇంట్లో ఉంటుంది. పైగా డిస్క్ కొంటే ఆడాక పాలకొల్లు స్నేహితుడికి ఇవ్వొచ్చు, అమ్ముకోనూవచ్చు. ఫోన్లో కొన్నది అలా చేతులు మారదు.

కాబట్టి ఇంట్లో ఇద్దరు ముగ్గురు పిల్లలుంటే, స్తోమత ఉంటే, కన్సోలే మేలు. ఉన్నది ఒక్క ఫోనే అయితే ఒక్కసారి కట్టి నెట్ లేకుండా ఆడుకునే ఆట. గాచా మూడోది కాదు, అసలు లెక్కలోకే రాదు. నింటెండో మరో ఫోన్ ఆట 'డాక్టర్ మారియో వరల్డ్'ని 2021 నవంబరులో మూసేశాక, అందులో డబ్బు పోసినవాళ్లకి ఆడుకోడానికి ఆటే లేకుండా పోయింది. పాకెట్ క్యాంప్‌కి మాత్రం అదృష్టం బాగుంది: 2024 నవంబరులో సర్వీసు ఆపేసి, ఆ వెంటనే ఒక్కసారి డబ్బు కట్టి కొనుక్కునే ఆటగా దాన్ని మళ్లీ అమ్మకానికి పెట్టారు. మేనల్లుడికి ముందు అదే చూపించాను. "ధర ఎంత మావయ్యా?" అన్నాడు.