సోఫా కింద బాస్ షేకర్: సబ్‌ఊఫర్‌తో కలిపి మూడు నెలలు వాడాక

ముందే చెప్పేస్తున్నా, బాస్ షేకర్ (సోఫాకి బిగిస్తే సినిమాలోని లోతైన శబ్దాలకి దాన్ని వణికించే పరికరం) ఉంటే సబ్‌ఊఫర్ (ఆ లోతైన శబ్దాలని వినిపించే విడి స్పీకర్) అక్కర్లేదని ఎవరైనా అంటే నమ్మకండి. షేకర్‌లో స్పీకర్‌లా గాలిని నెట్టే కోన్ ఉండదు. లోపల బరువైన ముద్ద ఒకటి ఊగుతుంది, ఆ ఊపు చెక్క గుండా వచ్చి మన నడుముకి తగులుతుంది. చెవికి వినిపించాల్సింది సబ్‌ఊఫరే. రెండూ ఒకే క్షణంలో పనిచేస్తే మాత్రం ఉరుము ఉరిమినప్పుడు ఒళ్లంతా ఝల్లుమంటుంది, అది మామూలు స్పీకర్లతో రాదు.

నేను తీసుకున్నవి డేటన్ ఆడియో బీఎస్‌టీ-1 షేకర్లు రెండు. ఒక్కోటి 50 వాట్లు, 4 ఓమ్స్. వీటిని రిసీవర్ (స్పీకర్లన్నిటికీ శబ్దం పంచే పెట్టె) సబ్ అవుట్‌కి, అంటే సబ్‌ఊఫర్ తగిలించే సాకెట్‌కి, నేరుగా తగిలించలేం, అక్కడ వచ్చేది లైన్ లెవెల్ సిగ్నల్ (ఇంకా బలం పెంచని సన్నటి సిగ్నల్) మాత్రమే. సబ్‌ఊఫర్‌లో ఆ బలం ఇచ్చే ఆంప్ (యాంప్లిఫయర్) లోపలే ఉంటుంది, షేకర్‌కి మనమే విడిగా పెట్టాలి. కొందరు ఫ్రంట్ స్పీకర్ల టెర్మినల్స్‌కే షేకర్ వైర్లు కూడా దూర్చేస్తారు, దయచేసి ఆ పని చేయకండి. 8 ఓమ్స్ స్పీకర్ పక్కన 4 ఓమ్స్ షేకర్ ప్యారలల్‌గా చేరితే లోడ్ సుమారు 2.7 ఓమ్స్‌కి పడిపోతుంది, వాల్యూమ్ పెంచగానే రిసీవర్ ప్రొటెక్షన్‌లోకి వెళ్లి ఆగిపోవచ్చు. పైగా ఎవరు మాట్లాడినా సోఫా వణుకుతుంది.

కనెక్షన్ చాలా సులువు. రిసీవర్ సబ్ అవుట్‌కి ఒక ఆర్‌సీఏ వై-స్ప్లిటర్ (ఒక సిగ్నల్‌ని రెండుగా చీల్చే కేబుల్), ఒక కొస సబ్‌ఊఫర్ ఎల్ఎఫ్ఈ (బాస్ సిగ్నల్) ఇన్‌పుట్‌కి, రెండోది షేకర్ ఆంప్‌కి. మీ రిసీవర్‌కి రెండు సబ్ అవుట్‌లు ఉన్నా నేనైతే స్ప్లిటరే వాడమంటాను. ఎందుకంటే కొన్ని మోడళ్లు సెటప్ మైక్‌తో రెండో సబ్‌ని విడిగా కొలుస్తాయి, మైక్‌కి అక్కడ సరిగ్గా శబ్దం దొరకక ఎర్రర్ చూపిస్తాయి. నా ఆంప్ 4 ఓమ్స్ కంటే తక్కువ లోడ్ తట్టుకోదు కాబట్టి రెండు షేకర్లనూ సిరీస్‌లో కలిపాను, మొత్తం 8 ఓమ్స్. ప్యారలల్ చేసి ఉంటే 2 ఓమ్స్ అయ్యేది.

అసలు కష్టమంతా బిగించడంలోనే ఉంది. సోఫాని బోర్లా వేసి అడుగున ఉన్న నల్ల గుడ్డ స్టేపుల్స్ ఒక్కొక్కటీ పీకాను. మొదట కనిపించిన పల్చటి ప్లైవుడ్ మీద షేకర్ బిగించి పాట పెడితే గరగరమని ఒకటే చప్పుడు. తీసి, కాళ్లు కలిసే చోట ఉన్న మందపాటి దుంగకి బిగించాక చప్పుడు పోయి ఊపు మాత్రం మిగిలింది. నెల తిరగకుండానే స్క్రూలు వదులయ్యాయి, అప్పుడు స్ప్రింగ్ వాషర్లు వేశాను, మళ్లీ కదల్లేదు. సోఫా కాళ్ల కింద రబ్బరు ముక్కలు కూడా పెట్టండి, లేకపోతే సగం ఊపు నేలలోకే పోతుంది, కింది అంతస్తు వాళ్లకి కూడా తెలుస్తుంది.

మొదటి రోజు ఇంకో చికాకు. సినిమా ఆపినా సోఫాలో సన్నగా వణుకు. ఆంప్‌ని వేరే ప్లగ్‌లో పెట్టడం వల్ల గ్రౌండ్ లూప్ (వేర్వేరు ఎర్త్‌ల మధ్య తేడా వల్ల వైర్లలో చేరే హమ్) వచ్చిందన్నమాట. రిసీవర్, సబ్, ఆంప్ మూడూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి మార్చగానే పోయింది.

సెట్టింగ్స్‌లో ముఖ్యమైనది ఆటో కాలిబ్రేషన్, అంటే రిసీవర్ మైక్‌తో కొలిచి స్పీకర్లని తానే సర్దుకోవడం. అది చేసేటప్పుడు షేకర్ ఆంప్ ఆఫ్‌లో ఉండాలి, లేదంటే సోఫా వణుకు మైక్‌కి తగిలి లెక్కలన్నీ తప్పుతాయి. సబ్ వెనకున్న క్రాసోవర్ నాబ్‌ని చివరిదాకా తిప్పేసి, రిసీవర్‌లో స్పీకర్లని స్మాల్‌గా పెట్టి 80 హెర్ట్జ్ దగ్గర కట్ చేశాను, అంటే అంతకన్నా లోతైన శబ్దాలన్నీ సబ్ అవుట్‌కే వెళ్తాయి. ముందు 120 దగ్గర ఉండేది, మగ గొంతులు బొంగురుగా నా వీపులోంచి వస్తున్నట్టు ఉండేది, అస్సలు భరించలేకపోయాను. ఆంప్‌లో లో-పాస్ నాబ్ (లోతైన శబ్దాలని మాత్రమే వదిలేది) ఉంటే 50 దగ్గర పెట్టుకోండి, ఇంకా శుభ్రంగా ఉంటుంది. నేను మొదట కొన్న ఆంప్‌లో ఆ నాబ్ లేదు, వారంలోనే మార్చేశాను. కొనేముందు అదొక్కటి తప్పక చూసుకోండి.

గెయిన్ (షేకర్ ఆంప్ బలం) విషయంలో తొందరపడొద్దు. కొత్తలో అందరం ఎక్కువ పెట్టేస్తాం, పది నిమిషాలకి విసుగొస్తుంది. నేను సున్నా నుంచి మెల్లగా పెంచుతూ, షేకర్ ఆపినప్పుడు మాత్రమే ఏదో తగ్గిందని అనిపించే చోట ఆపాను. హెలికాప్టర్ తలమీదుగా పోయినప్పుడు సోఫా చేయి మీద పెట్టిన గ్లాసులో నీళ్లు సన్నగా వలయాలు కట్టాయి, నాకు అది చాలు.

సంగీతానికి మాత్రం నేను దీన్ని వాడను. ఇలాంటి షేకర్లు సుమారు 40 హెర్ట్జ్ దగ్గర ఎక్కువ ఊగుతాయి, బాస్ గిటార్‌లో ఒక స్వరం గట్టిగా, పక్క స్వరం నీరసంగా తగులుతుంది. సినిమాలకైతే ఆ తేడా తెలియదు.

నాకు అన్నిటికన్నా పనికొచ్చింది రాత్రిళ్లు. పక్క గదిలో పిల్లలు పడుకున్నాక సబ్ స్విచ్ ఆపేసి షేకర్ ఒక్కటే ఉంచుతున్నాం, గోడలు కదలవు, యుద్ధం సీన్ మాత్రం కూర్చున్న చోట తెలుస్తుంది. ఐదుకి నాలుగున్నర ఇస్తాను, ఆ సగం తగ్గించింది సోఫా విప్పి మళ్లీ కుట్టడానికి పట్టిన ఒక ఆదివారం కోసం.