పాత కంప్యూటర్ ఆన్ కావట్లేదా? ఎస్‌ఎంపీఎస్ రిపేరా, కొత్తదా, మెషీనే మార్చాలా: ఏది మేలు?

బటన్ నొక్కితే ఫ్యాను కూడా కదలని డెస్క్‌టాప్‌ను అనంతపురంలో ఏ షాపుకు పట్టుకెళ్లినా ముందు వినపడేది "ఎస్‌ఎంపీఎస్ పోయింది, మార్చాల" అనే మాటే. ఎస్‌ఎంపీఎస్ అంటే గోడ కరెంటును కంప్యూటర్‌కు కావలసిన తక్కువ వోల్టుల డీసీగా మార్చే పెట్టె. చాలాసార్లు అది నిజమే. అయినా మీటరు పెట్టి చూపించకుండా ఆ మాటంటే వెంటనే డబ్బు తీయొద్దు.

ముందు గోడ ప్లగ్గు పీకి, పవర్ బటన్‌ను పది పదిహేను సెకన్లు నొక్కి పట్టి, మళ్లీ పెట్టి చూడండి. వేరే పవర్ కేబుల్, వేరే సాకెట్ కూడా. లాభం లేకపోతే మల్టీమీటర్‌ను డీసీ 20 వోల్టుల మీద పెట్టండి. మదర్‌బోర్డుకు వెళ్లే 24 పిన్నుల కనెక్టర్ వెనక ఊదారంగు వైరు దగ్గర ఎర్ర ప్రోబు, ఏదో ఒక నల్ల వైరు దగ్గర నల్ల ప్రోబు. 4.75 నుంచి 5.25 వోల్టుల మధ్య వస్తే స్టాండ్‌బై, అంటే మెషీన్ ఆపి ఉన్నా నడిచే చిన్న సరఫరా, బతికుంది. అప్పుడు బోర్డు మీద పవర్ స్విచ్ వైరు పీకి, ఆ రెండు పిన్నులను స్క్రూడ్రైవర్ మొనతో ఒక్క క్షణం కలపండి. లేచిందంటే పోయింది క్యాబినెట్ బటన్ మాత్రమే. రీసెట్ బటన్ వైరును అక్కడ గుచ్చేస్తే పైసా ఖర్చు లేదు.

లేవకపోతే ప్లగ్గు తీసి, 24 పిన్నుల కనెక్టర్‌ను బోర్డు నుంచి పీకి, ఆకుపచ్చ వైరును నల్ల వైరుతో జెమ్‌క్లిప్ పెట్టి కలపండి. లోడు కోసం పాత డీవీడీ డ్రైవ్ ఒకటి తగిలించి, అప్పుడు కరెంటు ఇవ్వండి. పసుపు వైరు 11.4 నుంచి 12.6, ఎరుపు 4.75 నుంచి 5.25, నారింజ 3.14 నుంచి 3.47 వోల్టుల మధ్య ఉండాలి, లేకపోతే ఎస్‌ఎంపీఎస్‌లోనే లోపం. ఫ్యాను తిరిగింది కదా అని ఎస్‌ఎంపీఎస్ బాగుందనుకోవడం పెద్ద పొరపాటు. పసుపు వైరులో పది వోల్టులే వస్తున్నా ఫ్యాను తిరుగుతుంది, బోర్డు మాత్రం లేవదు.

బటన్ నొక్కగానే ఫ్యాను ఒక్క చుట్టు తిరిగి ఆగిపోతుంటే ఎక్కడో షార్ట్ ఉంది. హార్డ్‌డిస్కులు, కార్డులు ఒక్కొక్కటే తీస్తూ చూడండి. ప్రాసెసర్ పక్కనుండే 4 పిన్నుల కనెక్టర్ తీశాక ఫ్యాను ఆగకుండా తిరిగితే, బోర్డులో ప్రాసెసర్‌కు కరెంటు ఇచ్చే మాస్‌ఫెట్ (స్విచ్‌లా పని చేసే చిన్న ట్రాన్సిస్టర్) పోయిందని అనుమానించాలి. డీడీఆర్2 (పాతకాలం ర్యామ్ రకం) కాలం బోర్డుకు ఆ రిపేరు చేయించడం దండగ.

ఇక అసలు లెక్క. గోడ స్విచ్ ఆపనంతసేపూ స్టాండ్‌బై సర్క్యూట్ పని చేస్తూనే ఉంటుంది. నలభై డిగ్రీల ఎండ, ఫ్యానును కప్పేసిన దుమ్ము తోడైతే దాని చిన్న కెపాసిటర్లు (కరెంటును కాసేపు నిల్వ ఉంచే చిన్న డబ్బాల్లాంటి భాగాలు) లోపలే ఎండిపోతాయి. పొద్దున లేవని మెషీన్, ప్లగ్గు పెట్టి కాసేపు వదిలేస్తే లేస్తోందంటే గుర్తు ఇదే. రెండు మూడు కెపాసిటర్లు ఉబ్బితే అదే మైక్రోఫారడ్, అంతే లేదా కాస్త ఎక్కువ వోల్టేజీ, 105 డిగ్రీల రకం వేయించొచ్చు. సామాను ఖర్చు తక్కువే. ఫ్యూజు కాలితే మాత్రం కథ వేరు. దాని వెనక ట్రాన్సిస్టరో బ్రిడ్జి డయోడో షార్ట్ అయి ఉంటుంది, ఒట్టి ఫ్యూజు మారిస్తే మళ్లీ ఢాం అంటుంది. ఇంట్లో విప్పే పని పెట్టుకోవద్దు: లోపలి పెద్ద కెపాసిటర్‌లో ప్లగ్గు పీకాక కూడా మూడొందల వోల్టుల పైన నిలిచి ఉండొచ్చు.

అందుకే అసెంబుల్డ్ మెషీనైతే కొత్త ఎస్‌ఎంపీఎస్సే మేలు. పెట్టె మీద పెద్దక్షరాల "450 వాట్స్" నమ్మొద్దు, లేబుల్‌లో 12 వోల్టుల గడి చూడండి. అక్కడ 16 ఆంపియర్లు రాసుంటే ఆ లైన్‌లో దక్కేది 192 వాట్లే. గ్రాఫిక్స్ కార్డు లేని పాత ఐ3 ప్రాసెసర్ మెషీన్‌కు అది చాలు, కార్డుంటే చాలదు. రిపేరు గెలిచేది ఒక్కచోటే: డెల్, హెచ్‌పీ ఆఫీస్ మెషీన్లలో. వాటిలో చాలా మోడళ్లకు కనెక్టర్ 8 పిన్నులో 6 పిన్నులో ఉంటుంది, మామూలు ఎస్‌ఎంపీఎస్ పట్టదు. వాటిలో కొన్నింటికి వెనక చిన్న టెస్ట్ బటన్ ఉంటుంది. నొక్కితే పచ్చ లైటు వెలగాలి.

బోర్డే పోయినా, మెషీన్ ఎటూ పాతబడిపోయినా సెకండ్ హ్యాండ్ వైపు వెళ్లండి, కానీ ఇంటెల్ ఎనిమిదో తరానికి కింద కొనొద్దు. విండోస్ 10కు మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14న ముగిసింది, విండోస్ 11 అధికారికంగా అంతకన్నా పాత ఇంటెల్ ప్రాసెసర్లను దాదాపుగా ఒప్పుకోదు.

మూడింట్లో ఏది చేసినా ఎర్త్ చూపించండి. ఇక్కడి ఎర్రనేలలో వేసవికి ఎర్త్ గుంత ఎండిపోతుంది, నీళ్లు పోయకపోతే అది ఉన్నా లేనట్టే. ఎలక్ట్రీషియన్‌తో కొలిపిస్తే ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య ఎంత వస్తుందో, ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య దాదాపు అంతే రావాలి.