కాలేజీ కోర్సా, ఏపీ క్లాసా: మా ఇంటి అనుభవం

"మనవరాలు వచ్చే ఏడాది ఏపీలో చేరుతోందమ్మా" అని ఫోనులో చెబితే, "అయితే మేడమీద గది కడిగించనా?" అంది విజయవాడలో ఉన్న మా అమ్మ. ఈ ఏపీ అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ అనీ, బడిలోనే కాలేజీ స్థాయి పాఠం చెప్పి మే నెలలో పరీక్ష పెడతారనీ వివరించాక నిట్టూర్చింది.

చివరికి కాల్క్యులస్ బీసీ అనే లెక్కల కోర్సుకు ఏపీ ఉంచి, అమెరికా చరిత్రకు మాత్రం టెక్సాస్‌లోని మా ఊరి కమ్యూనిటీ కాలేజీలో డ్యూయల్ క్రెడిట్ తీసుకున్నాం. కోర్సు పేరు హిస్టరీ 1301. పాఠాలు 1877వ సంవత్సరం వరకు జరిగిన చరిత్రవి, క్రెడిట్లు 3. బడి చదువుకూ కాలేజీ చదువుకూ లెక్కలోకి వస్తాయి.

వ్యాసం ఆదివారం రాత్రి 11:59కల్లా పంపాలి. రెండో వారం మా అమ్మాయి 12:06కి పంపింది. సున్నా! నేను ఊరుకోలేక ప్రొఫెసరుగారికి రెండు పేరాల ఈమెయిల్ రాశాను. జవాబు ఒక్క ముక్క: మీ అమ్మాయినే రాయమనండి. ఒళ్లు మండింది. తీరా అమ్మాయే రాస్తే, సున్నా మారలేదు కానీ ఆయన తన గదికి పిలిచి, మొదటి పేజీ అంతా పెన్సిలుతో కొట్టేసి, "నీ వాదన ఇక్కడ మొదలైంది" అని రెండో పేజీలో వేలు పెట్టి చూపించారట. ఇంటర్లో నాకు అలా చూపించినవారు లేరు.

అసలు చిక్కు కాలేజీ వారు ముందు చెప్పనే లేదు. ఏపీ పరీక్షలో 5కు 2 వస్తే ఆ స్కోరు ఎవరికీ పంపకుండా ఊరుకోవచ్చు. ఇక్కడ సి గ్రేడు వస్తే అది కాలేజీ రికార్డులో ఉండిపోతుంది, రేపు మెడిసిన్‌కు దరఖాస్తు చేసినా చూపాల్సిందే. పైగా ఈ క్రెడిట్లు టెక్సాస్ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చెల్లినంత సులువుగా, బయటి రాష్ట్రాల ప్రైవేటు కాలేజీల్లో చెల్లవు. పిల్ల ఎటు వెళ్లాలనుకుంటోందో తేలకుండా ఫీజు కట్టకండి.

బోధనకు 5కు 4 ఇస్తాను. ముందస్తు సమాచారానికి 1, అదీ మొహమాటానికి.

దాని తరువాయి కోర్సు హిస్టరీ 1302కీ అక్కడే చేరింది. ఇప్పుడు ఆదివారం రాత్రి తొమ్మిదికే వ్యాసం పంపేస్తోంది. చదవనివ్వమంటే, "నువ్వు మళ్లీ ఈమెయిల్ రాస్తావమ్మా" అని తలుపు వేసుకుంటోంది.