తాతగారి పాత ఉద్యోగం ఫ్రెంచిలో చెప్పాలంటే: ‘ఎతే’ మేలా, ‘అ ఎతే’ మేలా?

డెల్ఫ్ ఎ2 అనే ఫ్రెంచి భాషా పరీక్షలో మౌఖిక భాగానికి చదువుతున్నవారు నన్ను పదే పదే అడిగే ప్రశ్న ఇది. తాతగారు ఒకప్పుడు చేసిన ఉద్యోగం గురించి చెప్పేటప్పుడు అంపర్ఫే (‘చేసేవారు’ లాంటి భూతకాలం, ఇక్కడ ‘ఎతే’) వాడాలా, పాసే కొంపోజే (‘చేశారు’ లాంటి భూతకాలం, ఇక్కడ ‘అ ఎతే’) వాడాలా? ‘మోఁ గ్రాఁ పేర్ ఎతే ఫాక్తెర్’ అన్నా, ‘మోఁ గ్రాఁ పేర్ అ ఎతే ఫాక్తెర్’ అన్నా ఆయన పోస్ట్‌మన్ అనే తెలుస్తుంది. (అరసున్న ఉన్నచోట ముక్కుతో పలకండి.) చెవికి తేడా దాదాపు ఆ ఒక్క ‘అ’ మాత్రమే. రెండూ వ్యాకరణానికి లోబడినవే. ఒక్క వాక్యంలో పరిచయం చేయడానికైతే నేను ‘ఎతే’నే ఎంచుకుంటాను.

‘ఆ ఉద్యోగం ముగిసిపోయింది కదా, మరి ముగిసిన పనికి పాసే కొంపోజే కదా’ అని చాలామంది వాదిస్తారు. చిక్కంతా అక్కడే ఉంది. ఉద్యోగం ముగిసిందా లేదా అన్నది కాదు, దాని హద్దులు మీరు వాక్యంలో చెబుతున్నారా లేదా అన్నది చూడాలి. ఈ తేడా తెలుగువారికి పుట్టుకతోనే తెలుసు. ‘మా తాతయ్య పోస్ట్‌మన్‌గా పనిచేసేవారు’ అంటాం. ‘ముప్ఫై ఏళ్లు’ అన్న మాట చేరగానే నాలుక దానంతట అదే ‘పనిచేశారు’కు మారుతుంది. ‘ముప్ఫై ఏళ్లు పనిచేసేవారు’ అంటే మన చెవికే ఎబ్బెట్టు. ఫ్రెంచి చెవికీ అంతే. ‘పాఁదాఁ త్రాఁతాఁ’ (ముప్ఫై ఏళ్లపాటు) అని కాలం కొలిచి చెప్పారంటే ‘అ ఎతే’ వాడండి. ఒక కొలువు తర్వాత మరొకటి వరుసగా చెప్పినా అంతే: ‘ఇల్ అ ఎతే ఫాక్తెర్, ప్యుయి బులాఁజే’, ముందు పోస్ట్‌మన్, తర్వాత రొట్టెల దుకాణం. కొలత లేదు, వరుస లేదు అంటే ‘ఎతే’. అసలు ‘కె ఫెజే వోత్ర్ గ్రాఁ పేర్?’ (మీ తాతగారు ఏం చేసేవారు?) అన్న ప్రశ్నే అంపర్ఫేలో ఉంది. జవాబూ అదే కాలంలో ఇస్తే సంభాషణ సాఫీగా సాగుతుంది.

‘ఎతే’తో ఒక జాగ్రత్త అవసరం. నేను నేర్చుకునే రోజుల్లో, పదవీ విరమణ చేసి హాయిగా ఇంట్లో ఉన్న మా నాన్నగారి గురించి ‘ఇల్ ఎతే మెన్యుయిజియే’ అన్నాను, వడ్రంగి అని. ఎదుటివారు గొంతు తగ్గించి సానుభూతి చెప్పారు. ముందుమాట లేని ‘ఎతే’ విన్నవారికి మనిషే లేరేమో అనిపించవచ్చు. అందుకే బతికున్నవారి విషయంలో మొదట ‘మోఁ పేర్ ఎ ఆ లా రెత్రెత్’ (మా నాన్నగారు పదవీ విరమణ చేశారు) అని, ఆ తర్వాతే ‘ఇల్ ఎతే మెన్యుయిజియే’ అనమని అందరికీ చెబుతాను.

‘ఇల్ ఎతే’ తర్వాత ఉద్యోగం పేరు ఒక్కటే వస్తే ముందు ‘అఁ’ (ఒక) పెట్టకండి. మంచి పోస్ట్‌మన్ అని మెచ్చుకోవాలంటే మాత్రం వాక్యమే మారుతుంది: ‘సెతే అఁ బోఁ ఫాక్తెర్’.

‘త్రవాయే కొమ్’ (ఫలానాగా పనిచేయడం) అనడం తప్పు కాదు, కానీ కొన్నాళ్లు చేసిన పనికే బాగుంటుంది. ‘ఆఁస్యఁ’ (మాజీ) అన్న విశేషణం ఆ మనిషి నేటి గుర్తింపు చెప్పడానికి పనికొస్తుంది. దాన్ని ఉద్యోగం పేరుకు ముందే ఉంచాలి.