విజయనగరంలో పసిపిల్లలకి పాల డబ్బా కొంటున్నారా? చీటీలో రాసిందే ఇచ్చారో లేదో చూసుకోండి

డాక్టర్ రాసింది కాకుండా వేరే పాల డబ్బా మాకు అంటగట్టిన ఆ మందుల షాపు పేరు రాయను. రాస్తే రేపు నాకే నోటీసు పంపించే రకం. అయినా ఊళ్ళో పిల్లల మందులు కొనేవాళ్ళలో చాలామందికి నేను చెప్పకుండానే తెలిసిపోతుంది. "లేదు" అనే మాట నోట్లోంచి రాని షాపు. ఏది అడిగినా "ఉంది మేడమ్, కూర్చోండి" అంటారు. వాళ్ళ దగ్గర ఉన్నది ఇస్తారు. మనం అడిగింది మాత్రం ఇవ్వరు.

గబగబా చెప్పేస్తాను. మా పాపకి నాలుగో నెల. నా పాలు చాలక డబ్బా మొదలుపెట్టాం. (దాని మీద సలహాలు దయచేసి వద్దు, బంధువులందరూ ఇచ్చేశారు.) అప్పట్నుంచీ కడుపు ఉబ్బరం, తాగినవి తాగినట్టే కక్కడం, బుగ్గల మీద దద్దుర్లు, రాత్రంతా కాళ్ళు ముడుచుకుని ఏడుపు. తర్వాత మోషన్‌లో జిగట, ఆపైన సన్నగా రక్తపు చారలు. అవి చూశాక ఇంట్లో ఇంకెవరి మాటా వినకుండా పిల్లల డాక్టర్ దగ్గరికి పరిగెత్తాను. ఆవిడ అన్నీ విని, ఆవుపాలలో ఉండే ప్రొటీన్ పాపకి పడట్లేదనిపిస్తోంది, ఈ డబ్బా ఆపేసి వేరేది పట్టండి, రెండు నుంచి నాలుగు వారాలు ఓపిగ్గా చూద్దాం అన్నారు. డబ్బా పేరు రాసి, దాని కింద "ఎక్స్‌టెన్సివ్‌లీ హైడ్రోలైజ్డ్" అని పెద్ద అక్షరాల్లో రాసి గీత కూడా గీశారు. ఆ ప్రొటీన్‌ని ముందే బాగా చిన్న చిన్న ముక్కలుగా విరగ్గొట్టిన పాలపొడి అన్నమాట. మామూలు డబ్బాల కంటే బాగా ఖరీదు, పైగా అన్ని షాపుల్లోనూ ఉండదు.

చీటీ తీసుకుని ఆ షాపుకి వెళ్ళాను. కుర్రాడు చూసి ఓనర్‌కిచ్చాడు. ఆయన చూసి లోపలికి వెళ్ళి ఇంకో డబ్బా తెచ్చి పెట్టారు. "ఇది వేరే పేరు కదండీ" అని అడిగాను. నేను అడిగాను, ఇది గుర్తుపెట్టుకోండి.

"రెండూ ఒకటే మేడమ్. దానికి సప్లై లేదు. కడుపులో పడని పిల్లలకి డాక్టర్లందరూ ఇదే రాస్తున్నారు, లాక్టోజ్ ఫ్రీ" అన్నారు. రేటు తక్కువ, దాని మీద డిస్కౌంట్, పైన ఒక పాల సీసా ఫ్రీ. చంకలో పాప గుక్కపట్టి ఏడుస్తోంది, బయట ఆటో ఆగి ఉంది. తీసుకుని వచ్చేశాను. ఎమ్మే చదివాను నేను. మార్కెట్లో వంకాయలు కొంటే ఒక్కోటీ తిప్పి చూస్తాను. పిల్ల నోట్లోకి వెళ్ళే డబ్బా మాత్రం వెనక్కి తిప్పి చదవలేదు. శభాష్ నాకు.

లాక్టోజ్ ఫ్రీ అంటే పాలలో ఉండే చక్కెర తీసేసిన డబ్బా. విరేచనాలు బాగా అయి తగ్గాక కొన్నాళ్ళు పాల చక్కెర అరగని పిల్లలుంటారు, అలాంటివాళ్ళకి డాక్టర్లు రాస్తుంటారు. మాకిచ్చిన డబ్బాలో ఆవుపాల ప్రొటీన్ మాత్రం పూర్తిగా అలాగే ఉంది, వెనకాల రాసే ఉంది. మా పాపకి పడనిది ఆ ప్రొటీనే. అంటే డాక్టర్ ఏది ఆపమన్నారో దాన్నే కొత్త డబ్బాలో తెచ్చి, టైమ్ ప్రకారం, స్కూపు లెక్క తప్పకుండా, శ్రద్ధగా పట్టాను.

తగ్గుతుందేమోనని చూస్తుంటే దద్దుర్లు మెడ మీదికి పాకాయి, రక్తం మళ్ళీ కనిపించింది. డబ్బా పట్టుకుని వెళ్తే డాక్టర్ గారు దాన్ని తిప్పి చూసి, "ఇది నేను రాయలేదే, ఎవరిచ్చారు?" అన్నారు. అప్పుడు అర్థమైంది.

అక్కణ్ణుంచి నేరుగా షాపుకే వెళ్ళాం, నేనూ మా అత్తగారూ. కనీసం సారీ అంటారనుకున్నాను. నవ్వకండి.

షాపు నిండా జనం. డబ్బా, చీటీ రెండూ కౌంటర్ మీద పెట్టాను. ఆయన డబ్బా ముట్టుకోలేదు. చీటీ తీసుకుని, కళ్ళజోడు సర్దుకుని, బడిలో పాఠం అప్పజెప్పినట్టు పైకి చదివారు. "ఎక్స్‌టెన్సివ్‌లీ హైడ్రోలైజ్డ్." ఒక్క అక్షరం పొల్లుపోలేదు. చదివి నా వైపు చూసి, "డాక్టరమ్మ ఇంత క్లియర్‌గా రాశారు కదమ్మా. మీరు తీసుకెళ్ళింది లాక్టోజ్ ఫ్రీ. రెండూ వేరు వేరు. చూసుకోవాలి కదా" అన్నారు.

రెండూ వేరు వేరట! మొన్న ఇదే కౌంటర్ దగ్గర, ఇదే నోటితో రెండూ ఒకటే అన్న మనిషి. తెలియక ఇచ్చి ఉంటే ఇంత మండేది కాదు నాకు. ఆ మాట చదవడం వచ్చు, తేడా తెలుసు, నాలుగు నెలల పిల్ల కడుపులోకి వెళ్ళేదని తెలుసు. అన్నీ తెలిసి, ర్యాకులో మిగిలిపోయిన డబ్బా నాకు అంటగట్టారు. ఇప్పుడు అదే తెలివి నా మీదికి తిప్పారు.

"రెండూ ఒకటేనని మీరే అన్నారు కదండీ" అన్నాను. "నేనలా ఎందుకంటానమ్మా? తక్కువ రేటులో ఇమ్మన్నారు, ఇచ్చాం" అన్నారు. రేటు ఊసే నేను ఎత్తలేదు. అంతటితో ఆగితే బాగుండును. పక్కన బీపీ మాత్రలు తీసుకుంటున్న పెద్దాయన వైపు తిరిగి, "చదువుకున్నవాళ్ళే ఇలా ఉంటే ఏం చేస్తాం బాబూ. మా పిల్లలు ఆవుపాలలో నీళ్ళు కలిపి పడితేనే పెరిగారు. ఇప్పుడు పుట్టడమే ఎలర్జీతో పుడుతున్నారు" అని నవ్వారు. ఆ పెద్దాయనా నవ్వాడు. మందులు కట్టే కుర్రాడు కూడా.

కోపం ఎక్కువైతే నాకు ఏడుపొస్తుంది, అదో దరిద్రం. నోరు పెగల్లేదు. మా అత్తగారే అందుకున్నారు. "ఏటి బాబూ, నీ మనవరాలికైతే ఇలాగే ఇచ్చేస్తావేటి? గుంటకి నెత్తురు పడతంటే నీకు నవ్వులాటగా ఉందేటి?" అని గట్టిగా అడిగేసరికి షాపంతా ఒక్కసారి ఆగింది. ఈ డబ్బా విషయంలో మా ఇద్దరికీ మొదట్నుంచీ పడట్లేదు. ఆవిడ మేకపాలు పట్టమంటారు. (దానికీ డాక్టర్ గారు వద్దన్నారు. ఆవుపాలు పడని పిల్లల్లో చాలామందికి మేకపాలు, గేదెపాలు కూడా పడవట, వాటి ప్రొటీన్లు దగ్గర దగ్గరగా ఉంటాయట.) కానీ ఆ రోజు మాత్రం ఆవిడే నాకు దిక్కు.

డబ్బులు వెనక్కి ఇమ్మంటే "సీలు తీసిన డబ్బా తీసుకోం" అన్నారు. సీలు తీయకుండా పాపకి పాలు ఎలా పట్టాలో ఆయనే చెప్పాలి. బిల్లు అడిగితే ఇచ్చినది తెల్లకాగితం మీద ఒక అంకె. ఫోన్‌పేలో డబ్బులు వెళ్ళినట్టు ఉంది గానీ ఏం కొన్నానో అందులో ఉండదు. ఇంటికొచ్చి డబ్బా మీద రేటు స్టిక్కర్ గోటితో గీకితే దాని కింద ఎక్స్‌పైరీ ఉంది, వచ్చే నెలే. డిస్కౌంట్ ఎందుకిచ్చారో అప్పుడు తెలిసింది. అసలు ఈ డబ్బాల అమ్మకం పెంచడానికి తాయిలాలు చూపించడం, సీసాలు బహుమతిగా ఇవ్వడం మన దేశంలో 1992 నాటి చట్టం ప్రకారమే నిషేధం, 2003లో ఆ చట్టాన్ని ఇంకా బిగించారు. నేనేమో ఫ్రీ సీసా వచ్చిందని మా అమ్మకి ఫోన్ చేసి చెప్పాను!

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. జిల్లా వినియోగదారుల కమిషన్‌కి కూడా వెళ్ళాలని మా ఆయన అంటున్నారు. సరైన బిల్లు లేదు కాబట్టి ఎంతవరకు నిలుస్తుందో చూడాలి.

మీరు మాత్రం చీటీలో పేరు, డబ్బా మీద పేరు పక్కపక్కన పెట్టి చూసుకోండి. వేరేది ఇస్తే అక్కణ్ణుంచే డాక్టర్‌కి ఫోటో పంపి అడగండి. "ఇది కూడా హైడ్రోలైజ్డే" అని పార్షియల్లీ హైడ్రోలైజ్డ్ (ప్రొటీన్‌ని కొంతవరకే విరగ్గొట్టిన) డబ్బా చేతిలో పెడతారు, ఎలర్జీ ఉన్న పిల్లలకి అది పనికిరాదు. ఆరు నెలల లోపు పిల్లలకి సోయా డబ్బా కూడా డాక్టర్ చెప్పకుండా వద్దు. స్టిక్కర్ కింద తేదీ చూడండి. డబ్బా పేరు, బ్యాచ్ నంబరు ఉన్న బిల్లు ఇవ్వకపోతే కొనకండి.

సరైన డబ్బా మా ఆయన విశాఖ నుంచి రైల్లో తెచ్చారు. వాసన భరించలేం, చేదు కూడా. పాప మొదట్లో ఉమ్మేసింది, ఇప్పుడు మొహం చిట్లిస్తూ తాగుతోంది. రక్తం మళ్ళీ కనిపించలేదు, దద్దుర్లు ఇంకా ఉన్నాయి. విజయనగరంలో గానీ శ్రీకాకుళంలో గానీ ఈ రకం డబ్బా నిజంగా స్టాకు పెట్టే షాపు ఎవరికైనా తెలిస్తే చెప్పండి, ఉన్నది ఈ వారంతో అయిపోతుంది.